కొమ్ము పురుగు, పేడపురుగు: ఇద్దరు వియ్యంకుల వాదం

కొమ్ము పురుగు కొబ్బరి తోటల్లో బతుకుతుంది. పేడపురుగు పశువులు మేసే బీళ్లలో బతుకుతుంది. రెండూ నల్లగా ఉంటాయి, రెండూ చీకటి పడ్డాక ఎగురుతాయి, రెండింటిలోనూ మగదానికి తల మీద కొమ్ముంటుంది. తొలకరి రాత్రుల్లో రెండూ దీపం వెలుగుకి వచ్చి వాకిట్లో పడతాయి. చాలా ఇళ్లలో రెండింటికీ పడే శిక్ష ఒకటే, చెప్పు దెబ్బ. అది న్యాయమేనా అని వాదించుకున్న ఇద్దరు వియ్యంకుల మాటలివి. సత్యనారాయణగారిది అంబాజీపేట దగ్గర పల్లె. తాతల నాటి కొబ్బరి తోట మీదే ఆయన జీవనం. ఓబులేసుగారిది కదిరి పక్క మెట్ట పల్లె. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు ఆవుల్ని మేపుకుంటున్నారు. కూతుర్ని చూడ్డానికి కోనసీమ వచ్చిన ఆయన, వియ్యంకుడి చేతిలో చెప్పు చూసి అడ్డుపడ్డారు.

ఓబులేసు: ఆగండి బావగారూ. కొట్టే ముందు అదేం పురుగో చూడండి.

సత్యనారాయణ: చూసేదేముందండి? నల్లగా ఉంది, కొమ్ముంది. దీన్ని వదిలేస్తే తెల్లారేసరికి ఏదో ఒక చెట్టు మొవ్వులో ఉంటుంది. కొబ్బరి మీద బతకనివాళ్లు జాలిపడొచ్చు. నేను పడలేను.

ఓబులేసు: సరే, ముందు మీ కష్టం చెప్పండి, వింటాను. ఆ తర్వాత దీని సంగతి మాట్లాడదాం.

సత్యనారాయణ: కొమ్ము పురుగు పగలు కనపడదండి. చీకటి పడ్డాక ఎగిరొచ్చి, చెట్టు నడినెత్తిన మట్టల సందున దూరి, ఇంకా విచ్చుకోని మొవ్వాకుని మొదట్లో తొలుస్తుంది. లేత పీచుని కొరికి రసం తాగుతుంది. నమిలిన పిప్పిని వెనక్కి తోస్తుంది. బొరియ మూతి దగ్గర తాజా పిప్పి కనపడిందంటే లోపల పురుగున్నట్టే. మొవ్వాకు లోపల మడతలు మడతలుగా ఉంటుంది కాబట్టి ఒక్క బొరియతో మడతలన్నీ తెగిపోతాయి. ఆ ఆకు విచ్చుకున్నాక చూడండి, రెండు పక్కలా కత్తెర పెట్టి కత్తిరించినట్టు కోతలు. విచ్చుకోని పొత్తుని తొలిచిందా, ఆ గెల ఆశ వదులుకోవాల్సిందే.

ఓబులేసు: ముదురు చెట్టు తట్టుకోదా?

సత్యనారాయణ: తట్టుకుంటుంది, కాపు తగ్గించి. కానీ రెండు మూడేళ్ల మొక్కలో అంకురం దాకా తొలిస్తే మొక్కే చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి సాకితే గాని కాపుకి రాని చెట్టు అది. అక్కడితో అయిపోదు. ఆ గాయం వాసన పట్టుకుని ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు కాండం లోపలే ఉండి తింటాయి. పైకి తెలిసేసరికి తల వాలిపోయి ఉంటుంది. దింపుకి చెట్టెక్కినవాడు బొరియలోకి ఇనుప కొక్కెం దూర్చి కొమ్ము పురుగుని గుచ్చి లాగుతాడు. బయటికొచ్చేటప్పుడు అది బుస్సుమని చప్పుడు చేస్తుంది. చచ్చిన మొక్క పక్కన నిలబడి ఆ చప్పుడు విన్న రైతుకి దాని మీద దయ ఎక్కడ పుడుతుంది?

ఓబులేసు: మీ కోపం న్యాయమే. కాని అరుగు మీద పడింది అది కాదు. ఇట్ల లైటు కిందికి తెచ్చి చూడండి. మీ కొమ్ము పురుగు నిడుపాటిది, నాలుగైదు సెంటీమీటర్ల పొడవుంటుంది. కొమ్ము వెనక్కి వంగి ఉంటుంది, ఆడదానికి పొట్టిగా ఉంటుంది. ఆడదాని వెనక కొసన ఎర్రటి నూగు దట్టంగా ఉంటుంది. దీన్ని చూడండి. పొట్టిగా, వెడల్పుగా, బలంగా ఉంది. తల ముందు అంచు పల్చగా, చదునుగా అర్ధచంద్రాకారంలో ముందుకి సాగి ఉంది. నోరు ఆ అంచు కింద దాగిపోయింది, పైనుంచి చూస్తే కనపడదు. ముందు కాళ్లు వెడల్పుగా, పళ్లు పళ్లుగా ఉన్నాయి. అవి మట్టి తవ్వడానికి. శాస్త్రంలో దీని పేరు కాథార్సియస్ మొలోసస్. మీదాని పేరు ఒరిక్టెస్ రైనోసెరాస్. రెండింటినీ లిన్నేయస్ అనే శాస్త్రవేత్త 1758లో ఒకే ప్రజాతి కింద వర్ణించినాడు. తర్వాతివాళ్లు ప్రజాతులు విడదీసినా, కుటుంబం మాత్రం ఇప్పటికీ ఒకటే.

సత్యనారాయణ: మీరే ఒప్పుకున్నారు, రెండూ ఒకే కుటుంబమని. ఒకదాన్ని చంపి రెండోదాన్ని పూజించమంటారా?

ఓబులేసు: కుటుంబం ఒకటైనా నోళ్లు వేరు. మీదానికి గట్టి దవడలున్నాయి, పీచుని చీల్చగలదు. పేడపురుగు పెద్దదయ్యాక దవడలు పల్చటి పొరల మాదిరి మెత్తగా ఉంటాయి. పేడలోని తడిని వడకట్టి, అందులోని సన్నటి రేణువుల్ని, సూక్ష్మజీవుల్ని మింగడమే దానికి చేతనవుతుంది. దీన్ని తీసుకుపోయి మీ చెట్టు మొవ్వులో కూర్చోబెట్టినా ఒక్క గాటు పెట్టలేదు. చేయలేని నేరానికి శిక్షేంది బావగారూ?

సత్యనారాయణ: మాట బాగుందండి. కానీ రాత్రిపూట ఒక్కోదాన్నీ పట్టుకుని మూతి చూసే తీరిక ఏ రైతుకుంది? పొరపాటున పది పేడపురుగులు పోయాయే అనుకోండి. పురుగులు కదా, మళ్లీ పుడతాయి.

ఓబులేసు: మళ్లీ పుట్టే లెక్క రెండింటికీ ఒకటి కాదు. కొమ్ము పురుగు ఆడది కుళ్లిన పెంటలో పదుల కొద్దీ గుడ్లు పెట్టి, వాటి ఖర్మానికి వాటిని వదిలేసిపోతుంది. పేడపురుగు అట్ల వదలదు. పేడకడి కింద సొరంగం తవ్వుతుంది, పేడని లోపలికి లాక్కుపోయి ఉండలు కడుతుంది, ఒక్కో ఉండలో ఒక్కటే గుడ్డు పెడుతుంది. పిల్ల రెక్కలొచ్చి బయటపడేదాకా ఆ ఉండే దానికి తిండి, ఆ ఉండే ఇల్లు. ఇంత శ్రమ కాబట్టి పెద్ద పేడపురుగులకి సంతానం తక్కువ. తొలకరిలో లైటు కింద ఆడదాన్ని చంపితే, అది కట్టాల్సిన ఉండలన్నీ పోయినట్టే.

సత్యనారాయణ: పోతే పోయాయి. నేలకి వచ్చే నష్టమేంటో చెప్పండి.

ఓబులేసు: మా బీట్లో సాయంత్రం ఆవు వేసిన పేడని తెల్లారి కట్టెతో ఎత్తి చూడండి. పైన ఎండిన పెచ్చు ఉంటుంది, అంచుల వెంట తాజాగా తోడిన మట్టి ఉంటుంది. పెచ్చు ఎత్తితే కింద వేలు పట్టే బొక్కలు. లోపల ఉండాల్సిన పేడ చాలామటుకు ఉండదు. ఆ బొక్క వెంట జానెడు తవ్వితే మట్టిలో గట్టిగా కూరిన పేడ కనపడుతుంది. ఎండలో పడి ఉంటే గాలిలో కలిసిపోయే నత్రజని అట్ల వేళ్ల దగ్గరికి చేరుతుంది. ఆ బొక్కల గుండా వాన నీళ్లు కిందికి ఇంకుతాయి. ఈగ పెట్టిన గుడ్లు పెరగడానికి పేడ మిగలదు. పశువు కడుపులోని పురుగుల పిల్లలు మళ్లీ గడ్డి మీదికి ఎక్కడమూ తగ్గుతుంది. వానలు అరకొరగా పడే నేలకి ఇది చిన్న సాయం కాదు.

సత్యనారాయణ: మాస్టారు కాబట్టి లెక్క అప్పజెప్పారు. అసలు పేడపురుగు లేక నష్టపోయిన నేల ఎక్కడైనా ఉందా?

ఓబులేసు: ఉంది, ఆస్ట్రేలియా. అక్కడికి 1788లో తెల్లవాళ్ల ఓడల్లో పశువులు చేరినాయి. ఆ నేలలోని పేడపురుగులు కంగారూల పొడి పెంటికలకి అలవాటు పడినవి. ఆవు పేడని అవి దాదాపు పట్టించుకోలేదు. దాంతో పేడకళ్లు నెలల తరబడి నేల మీదే పెచ్చులు కట్టి ఉండిపోయినాయి. వాటి కింద గడ్డి మొలవదు, చుట్టూ మొలిచిన గడ్డిని పశువు ముట్టదు. పైగా ఈగల మందలు. హంగరీలో పుట్టి అక్కడ స్థిరపడిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త ఇది గమనించి, ఆఫ్రికా నుంచీ యూరప్ నుంచీ పేడపురుగుల్ని తెప్పించాలని పట్టుబట్టినాడు. ప్రభుత్వ పరిశోధనా సంస్థ 1965 నుంచి ఇరవై ఏళ్ల పాటు ఆ పని చేసింది. 43 జాతుల్ని వదిలితే 23 నిలదొక్కుకున్నాయి. ఒక దేశం ఏళ్ల తరబడి ఖర్చుపెట్టి తెచ్చుకున్న పురుగుల్లాంటివి మనకి ఊరికే వాకిట్లోకి వస్తుంటే, చెప్పు తీస్తున్నాం.

సత్యనారాయణ: ఆస్ట్రేలియాలో చూపు ఆనినంత మేరా బీళ్లే. కోనసీమలో జానెడు బీడు చూపించండి. మా గేదెలు కొట్టంలోనే ఉంటాయి. పేడ పొద్దున్నే ఎత్తి పెంటకుప్పలో వేస్తాం. నేల మీద పేడే లేని చోట మీ పురుగు చేసే పనేముందండి? మీ నేలకి అది సాయం కావచ్చు. నా తోటకి కావలసిన ఎరువు మాత్రం కుప్పలో మాగాల్సిందే.

ఓబులేసు: అసలు సంగతి మీరే పట్టుకున్నారు. అదే పేడ మీ దగ్గర ఒక పురుగుని సాకుతుంది, మా దగ్గర ఇంకో పురుగుని సాకుతుంది. పేడపురుగుకి తాజా పేడ కావాల, నేల మీద పడి ఒకటి రెండు రోజులు దాటితే దానికి పనికిరాదు. కొమ్ము పురుగు ఆడదానికి నెలల తరబడి మాగి, కుళ్లి, పొడిపొడిగా అయిన పెంట కావాల. మీ కుప్పలో అది పెట్టిన గుడ్లు పది పన్నెండు రోజుల్లో పగులుతాయి. తెల్లటి పిల్లపురుగు ఒళ్లు వంచుకుని నెలల తరబడి ఆ కుళ్లునే తిని, బొటనవేలి కంటే లావవుతుంది. ఆ వయసులో అది మీ చెట్టు జోలికి రాదు. అడవిలో అయితే పడిపోయిన మాకుల్ని మట్టిచేసే పని దానిదే. రెక్కలొచ్చి కొబ్బరి మొవ్వు వెతుక్కున్నాకే మీకు శత్రువు. దాని బాల్యమంతా మీ పెరట్లో, మీరు పోసిన పెంట మీదే గడిచింది కదా.

సత్యనారాయణ: అంటే తప్పు రైతుదేనంటారా? ఆ మాట మాత్రం ఒప్పుకోనండి. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో నేను కళ్లారా చూశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం రైతుని అలాగే పడగొట్టింది. కూలిన మాకుల్లోనే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుందని మాకు తెలీదా? కానీ ఒక్కో మానుని ముక్కలు కోసి, మొద్దు పెకలించి, తోట దాటించాలంటే కూలి కావాలి. కాపు పోయిన ఏడు ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంకో మాట. నా కుప్ప నేను ఎంత శుభ్రంగా ఉంచుకున్నా, పక్క తోటలో కుళ్లిన మోడు ఒక్కటి ఉంటే చాలు, అక్కణ్నుంచి ఎగిరొస్తుంది. గట్లూ సరిహద్దులూ మనకే, పురుక్కి కాదు. అందుకే చివరికి మందు డబ్బా పట్టుకుంటున్నాం.

ఓబులేసు: కూలి సంగతీ పక్క తోట సంగతీ మీరన్నది నిజం. అది ఒక్క రైతు తీర్చగలిగే సమస్య కాదు, ఊరంతా కలిసి చేయాల్సిన పని. కాని మందు దగ్గర నేను ఆగుతా. కుప్ప నిండా విషం గుళికలు చల్లితే వానపాములు, ఎరువుని మాగబెట్టే జీవాలు కూడా పోతాయి. విషం కలిసిన ఆ ఎరువునే తిరిగి తోటకి వేస్తారు.

సత్యనారాయణ: పేడపురుగులు పోతాయని మాత్రం అనకండి. అవి కుళ్లిన కుప్పలో ఉండవని ఇప్పుడే చెప్పారు.

ఓబులేసు: అనను. మాగిన కుప్పలో విడిగా తిరిగే పిల్లపురుగు పేడపురుగుది కాదు. పేడపురుగు పిల్ల ఉండ దాటి బయటికి రాదు. కాబట్టి కుప్ప తిరగేసినప్పుడు దొరికే ఆ లావుపాటి పిల్లల్ని ఏరి చంపండి, నాకేం అభ్యంతరం లేదు. దానికి విషమెందుకు అనేదే నా ప్రశ్న.

సత్యనారాయణ: మేమూ విషం ఒక్కటే పట్టుకు కూర్చోలేదండి. మెటారైజియం అనే బూజు వాడాను. పొడిని కుప్పలో కలిపి తడి ఆరకుండా చూస్తే, పిల్లపురుగు కదలిక తగ్గి బిగుసుకుపోతుంది. ఒంటి మీద ముందు తెల్లటి బూజు వస్తుంది, తర్వాత అది ముదురాకుపచ్చ పొడిగా మారుతుంది. వేలితో ముట్టుకుంటే పచ్చగా రాలుతుంది. వేసవిలో కుప్ప ఎండిపోతే మాత్రం సరిగా పనిచేయదు. చెట్టు మీదైతే పావు కిలో వేపపిండికి అంతే ఇసుక కలిపి, పై మూడు మట్టల మొదళ్లలో ఏడాదికి మూడుసార్లు వేస్తాం. తోటలో మగపురుగు వాసన మందు పెట్టిన బకెట్టు కడితే ఆడా మగా రెండూ వచ్చి పడతాయి.

ఓబులేసు: ఇన్ని తెలిసిన మీకు నేను చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది, సమోవా సంగతి. పసిఫిక్ సముద్రంలోని ఆ దీవులకి 1909 ప్రాంతంలో సింహళం నుంచి వచ్చిన రబ్బరు మొక్కలతో కొమ్ము పురుగు చేరింది. అక్కడ దానికి సహజ శత్రువు లేదు, కొబ్బరే జనానికి ఆధారం. యాభై ఏళ్లు ఏరారు, కాల్చారు, తరగలేదు. చివరికి 1960ల్లో మలేసియాలో అలోయిస్ హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పురుగుకి వచ్చే ఒక వైరస్‌ని కనుక్కున్నాడు. 1967లో దాన్ని సమోవాలో వదిలారు. జబ్బు తగిలిన పురుగు వెంటనే చావదు, ఎగురుతూ మొవ్వుల్లో, కుప్పల్లో వైరస్‌ని తనే పంచిపెడుతుంది. పురుగుల సంఖ్య బాగా పడిపోయింది. ఏ విషమూ చేయలేని పని అది.

సత్యనారాయణ: ఆ కథకి రెండో భాగం కూడా ఉంది, రైతు శిక్షణలో చెప్పారు. 2007లో గువాం దీవిలో బయటపడ్డ కొమ్ము పురుగు ఆ పాత వైరస్‌కి సరిగా లొంగలేదట. 2013లో హవాయి దాకా వెళ్లింది. కాబట్టి ఒక్క ఉపాయాన్ని నమ్ముకుని కూర్చుంటే మునుగుతాం. బూజూ కావాలి, కొక్కెమూ కావాలి, శుభ్రతా కావాలి. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పేడపురుగు మీద ఇంత ప్రేమున్న మీ వైపు, మందలకి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లు వేయించడం లేదా? ఆ మందు పేడలో బయటికొచ్చి పేడపురుగు పిల్లల్ని చంపుతుందని మా కోడలే చెప్పింది. పశువైద్యం చదివింది మీ అమ్మాయే కదా.

ఓబులేసు: వేయిస్తున్నారు. పిడుదులకీ నులిపురుగులకీ అది బాగా పనిచేస్తుంది, అందుకే అలవాటైపోయింది. ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాల పాటు పేడలో మందు పడుతుంది. పెద్ద పురుగు చావకపోయినా, ఆ పేడతో కట్టిన ఉండలో పిల్ల బతకదు. తల్లికి ఆ సంగతి తెలీదు, అంత శ్రమా చేసి విషంలో గుడ్డు పెడుతుంది. మీ చెప్పు కింద ఒక్క రాత్రిలో పోయేవాటి కంటే మా సిరంజితో పోయేవే ఎక్కువ. ఇది మా పక్క రైతులు సరిదిద్దుకోవాల్సిన తప్పు.

సత్యనారాయణ: సరిదిద్దడమంటే? రోగమొచ్చిన పశువుని వదిలేయలేం కదా.

ఓబులేసు: వదిలేయమని ఎవరూ అనరు. పేడ పరీక్ష చేయించి, అవసరమైన పశువుకే, వైద్యుడు చెప్పిన మోతాదే వేయించాల. మందలో అన్నిటికీ ఒకేసారి పొడిపించకూడదు. ఇంజెక్షన్ వేసిన పశువుని కొన్ని వారాలు కొట్టంలోనే కట్టేస్తే, ఆ పేడ బీట్లో పడదు. పేడపురుగులు తిరిగే వానాకాలంలో ఇంకా జాగ్రత్త కావాల.

సత్యనారాయణ: అప్పుడు మందు కలిసిన ఆ పేడ మీ దిబ్బలోకి పోతుంది, అక్కడ పేడపురుగులుండవు. బాగుందండి, నా కుప్ప లెక్కే మీకూ అక్కరకొచ్చింది.

ఓబులేసు: వచ్చింది. నా మాట కూడా మీరు ఒక్కటి ఒప్పుకోవాల. పురుగుల్లో పుట్టుకతో చెడ్డదంటూ లేదు. అడవిలో మాకుని మట్టిచేసేదే తోటలో మొవ్వు కొరుకుతుంది. దాన్ని తోట మీదికి తోలింది మనం పెట్టిన కుప్పలూ, మనం తీయని మోడులూ.

సత్యనారాయణ: అక్కడ మాత్రం మనం కలవమండి. అడవిలో ఎంత మంచిదైనా నా మొక్క మొవ్వులో కూర్చుంటే అది నాకు శత్రువే, దాన్ని చంపుతాను. కానీ దీపం కింద ముఖం చూడకుండా కొట్టను. మొవ్వులో ఉన్నదాన్ని కొక్కెంతో తీస్తాను, కుప్పలో ఉన్నదాన్ని ఏరేస్తాను. ఇదిగో, మీ కాథార్సియస్‌ని గేదెల కొట్టం వెనక పెరట్లో వదిలేస్తున్నాను. అక్కడ నిన్నటి పేడ కొంచెం ఎత్తకుండా ఉంచాను.

ఇద్దరూ ఎవరి మాట మీద వారున్నారు. అయినా చేయాల్సిన పని దగ్గర ఇద్దరి మాటా ఒకటే అయింది. కొబ్బరి రైతులకి చెప్పేదేమంటే, తొలకరికి ముందే పెంటకుప్ప తిరగేసి తెల్లటి పిల్లపురుగుల్ని ఏరండి. కుళ్లిన మోడుల్ని ఊరంతా ఒక్కటై తొలగించండి, ఒక్క తోటలో తీస్తే చాలదు. పశువులు మేపేవారు అవసరమైన పశువుకే, వైద్యుడి సలహాతోనే నులిపురుగుల మందు వేయించండి. బీట్లో పడ్డ పేడని కొంతైనా ఎత్తకుండా వదలండి. వానాకాలం రాత్రి వాకిట్లో నల్లటి పురుగు పడితే, కొట్టే ముందు దాని తల వైపు చూడండి. తల ముందు అంచు వెడల్పుగా, చదునుగా ఉండి నోరు కనపడకపోతే అది మీ నేలకి పనిచేసే పురుగు. దాన్ని వదిలేయండి.